దస్తావేజు వ్రాయువారెవరు?

ఇల్లు కొనుటయు, స్థలము అమ్ముటయు సామాన్య గృహస్థునకు జీవితకాలమున ఒకటి రెండు పర్యాయములు మాత్రమే తటస్థించు కార్యములు. అందు వినియోగపడు ధనము ఒక్క ఏటి సంపాదన కాదు. అది చిరకాలము కూడబెట్టిన సొమ్ము, లేదా రానున్న ఇరువది ఏండ్ల జీతముమీద తెచ్చిన బ్యాంకి ఋణము. ఇంతటి కార్యమునకు ఆధారమగునది కొన్ని పుటల కాగితము. ఆ కాగితమును వ్రాయువారెవరు, వ్రాయుటకు ముందు హక్కును విచారించువారెవరు, అందు తప్పు దొరలినచో జవాబు చెప్పువారెవరు అను మూడు ప్రశ్నలను మన పట్టణవాసులు వేసికొనుట అరుదు. గోడల గట్టిదనమును తట్టి చూచువారు హక్కు గట్టిదనమును చూడకయే సంతకములు చేయుచున్నారు.

నిన్నమొన్నటివరకు ఈ విషయమున ఎన్నికకు తావు లేకుండెను. సబు రిజిస్ట్రారు కార్యాలయము ఎదుటి వసారాలో బల్ల వేసికొని కూర్చుండు దస్తావేజు లేఖరియే గతి. ఇప్పుడట్లు కాదు. ఇంట కూర్చుండి చేతిలోని ఫోనునందు వివరములు నింపిన చాలును, క్రయదస్తావేజు సిద్ధము చేసి పంపుదుమను వ్యాపారసంస్థలు మహానగరములందు వెలసినవి. 2023లో ఆంధ్రప్రదేశమున ప్రభుత్వమే నమూనా పత్రములతో కక్షిదారులు స్వయముగా దస్తావేజు తయారు చేసికొను పద్ధతిని ప్రవేశపెట్టగా లేఖరులు ఆందోళనకు దిగిరి. 2025 మే నెలలో కేంద్ర భూవనరుల శాఖవారు 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమునకు మాఱుగా, ఆన్‌లైను దాఖలుకు వీలు కల్పించు క్రొత్త బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయమునకై ప్రకటించిరి. కావున స్థానికుని ఆశ్రయింపవలయునా, ఆన్‌లైను సంస్థను ఆశ్రయింపవలయునా అను ప్రశ్న నేడు ప్రతి గృహస్థునకును ఎదురగుచున్నది. యంత్రము వచ్చినది గనుక లంచము పోయినదని ఒక పక్షమువారును, యంత్రమును నమ్మినవాడు మునిగినాడని మఱియొక పక్షమువారును వాదించుచున్నారు. ఈ రెండు మాటలలోను సగమే సత్యము.

మొట్టమొదట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. రిజిస్టరు అయినది గనుక హక్కు వచ్చినదని అనేకులు తలంతురు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ననుసరించి నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజు మూలముననే జరుగవలయును. ఇది నిజమే. కాని రిజిస్టరు చేయు అధికారి న్యాయాధిపతి కాడు. అతడు చూచునది వ్రాసియిచ్చినవాడు వీడేనా, సంతకము వీనిదేనా, సుంకము చెల్లినదా అనునంతవఱకే. అమ్మువానికి అసలు హక్కు కలదా యని తేల్చుట అతని పని కాదు. తమిళనాడు నియమమొకదానిని కొట్టివేయుచు 2025లో సుప్రీముకోర్టువారు ఈ సంగతినే స్పష్టపఱచిరి. లేని హక్కును అమ్మినవాని దస్తావేజు ఎంత చక్కగా రిజిస్టరైనను కొన్నవానికి లభించునది కాగితమే కాని ఇల్లు కాదు. మన దేశమున హక్కునకు ప్రభుత్వపు పూచీ లేదు; విచారించుకొను భారమంతయు కొనువానిమీదనే యున్నది.

ఇది తెలిసినచో దస్తావేజు పనిని మూడు భాగములుగా చూడవచ్చును: హక్కును విచారించుట, దస్తావేజును రచించుట, కార్యాలయమున దాఖలు చేయుట. మన జనులు మూడవదానికే ఎక్కువ వెఱచి, దానికొఱకే మనుష్యుని వెదకుచున్నారు. వాస్తవమున మూడవది మిక్కిలి సులభము. మొదటిది మిక్కిలి కఠినము. ఎవరిని ఆశ్రయింపవలయుననునది ఏ భాగమునకై ఆశ్రయించుచున్నామనుదానిమీద ఆధారపడియున్నది.

ఆన్‌లైను పద్ధతివలన కలిగిన మేలును కాదనుట అన్యాయము. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రిజిస్ట్రేషను కార్యాలయములకు కంప్యూటర్లు వచ్చినది మొదలు ఈ మార్పు నడచుచున్నది. 2015 నుండి మీభూమియందు అడంగలును, 1-బి యును ఎవరైనను చూచుకొనవచ్చును. తెలంగాణమున 2020లో వచ్చిన ధరణికి మాఱుగా 2025లో భూభారతి వచ్చినది. ఋణభారపత్రము, అనగా మనవారు ఇ.సి. అని పిలుచునది, యంత్రమున చేరిన కాలమునకు సంబంధించినంతవఱకు ఇంటనుండియే పొందవచ్చును. ప్రభుత్వభూములు, దేవాలయభూములు మొదలగు నిషిద్ధభూముల పట్టిక, అనగా 2007లో చేర్పబడిన 22-ఎ విభాగము క్రిందిది, ఆన్‌లైనునందు కలదు. బ్యాంకులు తాకట్టు పట్టిన ఆస్తులు 2011లో ఏర్పడిన కేంద్ర రిజిస్ట్రీయందు, సర్సాయి అని పేరుగలదానియందు, వెదకవచ్చును. అమ్మువాని పేర కోర్టులో వ్యాజ్యము నడచుచున్నదేమో ఇ-కోర్టులందు చూడవచ్చును. ఒకప్పుడు ఈ సంగతులన్నిటికి గుమాస్తాల చుట్టు ప్రదక్షిణము చేయవలసివచ్చెడిది. ఈ దర్శనభాగ్యము ప్రజలకు లభించుట ఇష్టము లేనివారే ఆన్‌లైను అనిన మోసమని ప్రచారము చేయుచున్నారు.

అయినను యంత్రమునకు తెలిసినది దానిలో చేర్చిన సంగతి మాత్రమే. ఇ.సి. చూపునది రిజిస్టరైన వ్యవహారములను. రిజిస్టరు కాని విక్రయపు ఒప్పందము అందు కనబడదు. పెద్దమనుష్యుల ఎదుట జరిగిన నోటి పంపకము కనబడదు. బీరువాలోని వీలునామా కనబడదు. అసలు దస్తావేజులను వడ్డీ వ్యాపారియొద్ద కుదువపెట్టిన సంగతియు కనబడకపోవచ్చును. ఇంటియందు ఎవరు కాపురమున్నారో, ఏ హక్కున ఉన్నారో, పెరటిబావి నీటికి ప్రక్కయింటివారికి వాడుక కలదో లేదో, వీధివాకిలికి పోవు సందు ఎవరిదో ఏ పోర్టలును చెప్పజాలదు. యంత్రమునకెక్కని వెనుకటి ఏండ్ల వ్యవహారములకై కార్యాలయపు ఇండెక్సు పుస్తకములను తిరగవేయక తప్పదు. ముప్పది ఏండ్ల చరిత్ర చూడవలయునని న్యాయవాదులు పట్టుపట్టుట చాదస్తము కాదు. తాకట్టు విడిపించుకొను దావాకును, ప్రభుత్వము తన ఆస్తికై వేయు దావాకును చట్టమే ముప్పది ఏండ్ల గడువు నిచ్చియున్నది.

మఱియొక ఉదాహరణము. పిత్రార్జితమైన ఇంటిని ఇద్దరన్నదమ్ములు కలిసి అమ్మజూపుచున్నారనుకొందము. నమూనాపత్రము అమ్మువారి పేర్లెన్ని యని అడుగును. ఇద్దరని నింపిన తృప్తిపడును. వారికి అప్పచెల్లెళ్లు కలరా యని అది అడుగదు. సమష్టికుటుంబపు ఆస్తియందు ఆడబిడ్డకు హక్కు నిచ్చు సవరణము మన ఆంధ్రప్రదేశమున 1985లోనే వచ్చెను. 2005లో దేశమంతటికిని వర్తించెను. ఆనాటికి తండ్రి జీవించియుండవలయునను నియమము లేదని 2020లో సుప్రీముకోర్టువారు తీర్మానించిరి. ఆ ఆడబిడ్డ సంతకము లేని దస్తావేజు పదేండ్లకు దావాగా మాఱును. ఆ వీధిలో నలువది ఏండ్లుగా తిరుగుచున్న లేఖరి యైనచో "మీ పెద్దక్క తెనాలిలో కదా ఉన్నది, ఆమె రాలేదేమి?" అని తప్పక అడుగును. ఈ ఒక్క ప్రశ్న విలువ అతని రుసుమునకు నూరురెట్లు.

కొలతల సంగతియు ఇట్టిదే. కోస్తాజిల్లాలవారికి ఎకరమునకు నూరు సెంట్లు. తెలంగాణమువారికి నలువది గుంటలు. సెంటనగా 48.4 చదరపు గజములు, గుంటయనగా 121. నెల్లూరివారు అంకణములలో మాటలాడుదురు. ఆ అంకణము కొలతయో ఊరినిబట్టి మాఱుచుండును. దూరపు నగరమున కూర్చున్న ఉద్యోగి ఈ భేదముల నెఱుగక అంకెను మార్చినచో పొరపాటు గోడలమీదికి వచ్చును. విస్తీర్ణమునకును హద్దులకును పొత్తు కుదరనప్పుడు న్యాయస్థానములు సాధారణముగా హద్దులనే గైకొనును. కావున నాలుగు హద్దులను ఆ స్థలమున నిలిచి, నేటి ప్రక్కవారి పేర్లతో వ్రాయుట ముఖ్యము. తప్పు జరిగిన పిమ్మట సవరణదస్తావేజు వ్రాసికొనవచ్చుగదా యందురు. దానికి అమ్మినవాడే మరల వచ్చి సంతకము చేయవలయును. అప్పటికతడు దేశాంతరగతుడైనను, దివంగతుడైనను, విరోధియైనను ఆ దారి దుర్ఘటమగును.

భాషనుగూర్చి ఒక మాట. ఆన్‌లైను సంస్థల నమూనాలు పెక్కులు ఇంగ్లీషునందున్నవి. అమ్ము ముసలమ్మకు ఆ భాష రాదు. చదివి వినిపించినారని క్రింద వ్రాసియుండును, వినిపించినవాడెవడో తెలియదు. జిల్లాలో వాడుకయందున్న భాషలో దస్తావేజు ఉండుట చట్టమునకు సమ్మతమే. మన ఆస్తుల దస్తావేజులు మన భాషలో ఉండవలయునని మేము కోరుట భాషాభిమానమువలన మాత్రమే కాదు. తనకు తెలిసిన భాషలో వ్రాసినదానికే మనుష్యుడు నిజముగా సమ్మతింపగలడు.

ఇంతమాత్రమున స్థానిక లేఖరికి మేము వకాల్తా పుచ్చుకొనుట లేదు. అతని గుణములు తెలిసినట్లే దోషములును మాకు తెలిసినవే. పాత దస్తావేజును ఎదుట పెట్టుకొని పేర్లు మార్చి క్రొత్తది దింపుట వారిలో అనేకుల విద్య. ఇరువది ఏండ్లనాటి తప్పు ఈ విధముగా మూడు చేతులు మాఱి నేటికిని బ్రతికియుండును. అమ్మువానికిని, కొనువానికిని ఒకడే లేఖరి యగుటచే ఎవరి మేలు చూడవలయునో అతనికే తెలియదు. రుసుమునకు రసీదుండదు. "లోపల ఇవ్వవలసినది" అని వేఱొక మొత్తమును పుచ్చుకొని, పుచ్చుకొన్నవారెవరో చెప్పకుండుట అన్నిటికంటె పెద్ద మచ్చ. లంచనిరోధకశాఖవారు సబు రిజిస్ట్రారు కార్యాలయములపై దాడి చేసినప్పుడు ప్రైవేటు లేఖరులయొద్ద లెక్క తేలని సొమ్ము దొరకినదని పత్రికలందు చదువుట మనకు అలవాటైపోయినది. నిజాయితీగల లేఖరులు లేరని మేమనము. వారే ఈ మచ్చను ముందుగా అసహ్యించుకొనవలసినవారు.

లేఖరి చెప్పు ఇంకొక హితోపదేశము కలదు: విలువ తగ్గించి వ్రాయించుట. సుంకము కలిసివచ్చునని ఉభయులును సంతోషింతురు. రేపు ఆ ప్రక్క రోడ్డు వేయుటకు ప్రభుత్వము భూమి తీసికొన్నచో, 2013 నాటి భూసేకరణ చట్టము ననుసరించి పరిహారము కట్టునప్పుడు ఆ చుట్టుపట్ల రిజిస్టరైన విక్రయదస్తావేజుల ధరలనే చూతురు. ఒకడు తగ్గించి వ్రాసినది పదిమంది రైతుల నోటి మన్ను అగును. క్రయము రద్దై సొమ్ము వాపసు రావలసినచో కాగితముమీది మొత్తమే సాక్ష్యము. చేతినుండి చేతికి పోయిన మిగత సొమ్మునకు సాక్ష్యము లేదు.

ఇట్లు ఉభయపక్షముల బలాబలములను తూచినప్పుడు, ఎన్నికకు సరియైన గుఱుతు దూరమో సమీపమో, యంత్రమో మనుష్యుడో కాదని మాకు తోచుచున్నది. జవాబుదారితనమే గుఱుతు. తప్పు జరిగిననాడు ఎవనిని పట్టుకొందువు? న్యాయవాది తప్పు చేసినచో 1961 నాటి చట్టము క్రింద బారు కౌన్సిలు ఎదుట నిలువబెట్టవచ్చును. 2024లో సుప్రీముకోర్టువారు న్యాయవాదుల సేవ వినియోగదారుల చట్టము క్రిందికి రాదని తీర్మానించిరి. ఈ వృత్తిలోని మాకది సౌకర్యమే యైనను, కక్షిదారుడు ఆ సంగతి ఎఱిగియుండుట ధర్మము. ఆన్‌లైను సంస్థపై 2019 నాటి వినియోగదారుల చట్టము క్రింద తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. కాని ఆ సంస్థ సన్నని అక్షరములలో "మేము నమూనా నిచ్చితిమే గాని హక్కునకు పూచీ లేదు" అని వ్రాసికొన్నచో, ఆ ఫిర్యాదు ఎంతదూరము పోవునో ముందే యోచింపవలయును. రసీదు లేని లేఖరిపైనో, ఋజువు చేయుటయే కష్టము. కావున పేరు, సంతకము, రసీదు, వ్రాతమూలకమైన బాధ్యత: ఈ నాలుగును ఎవరిత్తురో వారినే ఎన్నుకొనుడు. ఈయనివాడు ఎదురింటివాడైనను పరాయివాడే.

కొనువారికి మా సలహా యిది. పోర్టలులందు చూడదగినది మీరే చూచుకొనుడు. అందుకు దళారి అక్కఱలేదు. హక్కు విచారణమునకు మాత్రము ఆ ఆస్తియున్న ఊరి కోర్టులో పనిచేయు న్యాయవాదిని, అమ్మువాని పక్షమున లేనివానిని, వేఱుగా పెట్టుకొనుడు. ముప్పది ఏండ్ల లింకు దస్తావేజులు అసలువి చూచి, సంతకము చేసిన నివేదిక నిమ్మని అడుగుడు. మీరు స్వయముగా పోయి స్థలమున నిలిచి, ఇరుగుపొరుగువారితో మాటలాడి, స్వాధీనములో నున్నవాడెవడో తెలిసికొనుడు. బయానా నిచ్చుటకు ముందే ఈ పని కావలయును. తరువాత చేయు విచారణము పోయిన సొమ్మును వెదకుటయే. వ్యవసాయభూమి కాని ఆస్తి ధర 50 లక్షల రూపాయలు, అంతకు మించినదైనచో నూటికొక రూపాయి ఆదాయపు పన్నుక్రింద పట్టి కట్టవలసినవాడు కొనువాడే. అమ్మువాడు విదేశవాసియైనచో నియమము వేఱు. ముందుగా అడిగి తెలిసికొనుడు. క్రొత్తగా కట్టిన లంకంత భవనములో ఒకటే విధమైన నూరు ఇళ్లలో ఒకటి కొనుచున్నచో, 2016 నాటి రేరా చట్టము క్రింద నమోదైన ప్రాజెక్టైనచో, బ్యాంకివారును హక్కును పరీక్షించియున్నచో, దస్తావేజు రచనకు ఆన్‌లైను సంస్థ చాలవచ్చును. పిత్రార్జితము, పంపకము, పాత ఇల్లు, పొలము, హద్దుతగవు, మైనరు వాటా ఉన్నచోట దూరపు నమూనాను నమ్మకుడు.

అమ్మువారు తమకేమి భయమని నిశ్చింతగా నుందురు. అది పొరపాటు. హక్కులోని లోపమును దాచినచో చట్టమే వారిని బాధ్యులను చేయును. "ప్రతిఫలమంతయు ముట్టినది" అను వాక్యము నమూనాలలో ముందే అచ్చువేసియుండును. చెక్కు చెల్లకముందే దానిక్రింద సంతకము చేయుట అవివేకము. చెక్కు సంఖ్య, తేదీ, మొత్తము దస్తావేజునందే వ్రాయింపుడు. జనరలు పవరు నిచ్చి సొమ్ము తీసికొనిన అమ్మకమే యని ఎవరైనను చెప్పినచో వినకుడు. అట్టి కాగితములవలన హక్కు బదిలీ కాదని 2011లోనే సుప్రీముకోర్టువారు తేల్చియున్నారు. అమెరికాయందును, గల్ఫు దేశములందును ఉన్న మన తెలుగువారు ఊరి ఇంటిని అమ్ముకొనుటకు ఆన్‌లైను సంస్థలనే ఎక్కువగా ఆశ్రయించుచున్నారు. వారు పంపు అధికారపత్రము అక్కడి నోటరీ ఎదుటనో, మన కాన్సలు ఎదుటనో వ్రాసినదై యుండవలయును. మన దేశము చేరిన మూడు నెలలలో ఇక్కడి స్టాంపు పడవలయును. ఈ గడువు దాటిన పత్రముతో కార్యాలయమునకు పోయి తిరిగివచ్చినవారు ఎందఱో కలరు.

ప్రభుత్వములకు మేము చెప్పవలసినది కొంచెమే. లేఖరులను తరిమివేయుట సంస్కారము కాదు; వారిని సంస్కరించుట సంస్కారము. పరీక్షపెట్టి నమోదు చేసి, రుసుములను గోడమీద ప్రకటించి, వ్రాసినవాని పేరును నమోదు సంఖ్యను ప్రతి దస్తావేజు చివర ఉంచవలయునని నిర్బంధింపుడు. ఈ నియమమే ఆన్‌లైను సంస్థలకును వర్తింపజేయుడు. నివేదికపై సంతకము చేసిన న్యాయవాది పేరు లేనిదే ఆ వ్యాపారము సాగరాదు. ప్రభుత్వపు నమూనాలన్నియు సులభమైన తెలుగున ఉండవలయును. క్రొత్త రిజిస్ట్రేషను చట్టము వచ్చునాటికి ఈ ఏర్పాట్లు అందు చేరకున్నచో, కార్యాలయపు వసారాలోని దళారీతనము ఫోనులోనికి మకాము మార్చునే కాని నశింపదు.

పఠనమందిరములవారు తలచుకొన్నచో ఒక ఉపకారము చేయవచ్చును. వారమునకొక సాయంకాలము ఇ.సి. చదువుట ఎట్లో, 22-ఎ పట్టికను చూచుట ఎట్లో, హద్దులు సరిచూచుట ఎట్లో తెలిసినవారిచే నలుగురికి నేర్పింపుడు. ఊరి న్యాయవాదులు ఇందులకు వెనుదీయరని మేము నమ్ముచున్నాము. దస్తావేజు ఎవరు వ్రాసినను చివరకు దానిక్రింద సంతకము చేయువాడు గృహస్థుడే. ఫలము ననుభవించువారు అతని బిడ్డలే. చదువనిదానిపై సంతకము చేయకుడు. తెలియని మాట కనబడినచో కలము క్రింద పెట్టి అడుగుడు. తొందరపెట్టువాడు లేఖరి యైనను, సంస్థ యైనను, మా వృత్తివాడే యైనను, వాడు మీవాడు కాడని యెఱుగుడు.